కరెంటు కారు కొనదలచిన కుటుంబమునకు కొన్ని మాటలు



ఇంటికి కావలసిన వస్తువు ఏదైనను కొనుటకు ముందు కూర్చొని లెక్క చూచుకొనుట ఈ శీర్షికకు అలవాటు. ఈ నెల మనము చూడబోవు వస్తువు మిక్సీయో, కుట్టు మిషనో కాదు. పల్లెటూరి కుటుంబము తన జీవితములో ఇల్లు, పిల్లల చదువు, పెండ్లి తరువాత అంత పెద్ద మొత్తము పెట్టునది దీనికే. అదే కారు. అందులోను కరెంటుతో నడిచే కారు.

ఈ మాట ఇప్పుడు చాలా ఇండ్లలో నడుస్తున్నది. హైదరాబాదులోనో, డల్లాసులోనో ఉద్యోగము చేయుచున్న కుమారుడు ఊళ్లో ఉన్న తండ్రికి ఫోను చేసి, "నాన్నా, ఇంకా డీజిలు బండి ఎందుకు? కరెంటు కారు తీసుకోండి, నేను కొంత పంపిస్తాను" అంటాడు. తండ్రికి ఆ మాట బాగానే ఉంటుంది. కాని ఆయన తల ఎత్తి చూస్తే పొద్దున పోయిన కరెంటు ఇంకా రాలేదు. "మన ఊళ్లో ఇది సాగుతుందా?" అని అడుగుతాడు. అది తెలివి తక్కువ ప్రశ్న కాదు. ఈ విషయములో అడగవలసిన మొదటి ప్రశ్న అదే.

మేము చెప్పదలచినది ఒక్కటే మాట. బండిని చూచుటకు ముందు మీ ఇంటి మీటరును, మీరు తరచుగా తిరుగు దారిని చూడండి. ఆ రెండును సరిపోతే బండి ఎంచుకొనుట సులువు. అవి సరిపోనిచో ఎంత మంచి బండియైనను మీకు భారమగును.

ఏ బండిని లెక్కకు తీసుకొన్నాము?

మాటలు గాలిలో ఉండకుండునట్లు ఒక బండిని ఎదురుగా పెట్టుకొందము. మధ్యతరహా ఎస్.యు.వి.లలో మన రోడ్ల మీద అందరికీ తెలిసినది హ్యుందాయ్ క్రెటా. దాని ఎలక్ట్రిక్ రకము 2025 జనవరిలో విడుదలైనది. మదరాసు దగ్గర శ్రీపెరంబుదూరు ఫ్యాక్టరీలో తయారగుచున్నది. ఐదుగురు కూర్చొనవచ్చును. పొడవు 4.34 మీటర్లు. వెనుక సామాను డిక్కీ 433 లీటర్లు, ముందు బానెటు క్రింద మరొక 22 లీటర్ల చిన్న అర ఉన్నది.

బ్యాటరీలు రెండు రకములు. ఒకటి 42 కిలోవాట్ అవర్లు, రెండవది 51.4 కిలోవాట్ అవర్లు. ఈ పేరు విని కంగారు పడనక్కరలేదు. ఒక కిలోవాట్ అవర్ అంటే మన ఇంటి మీటరులో తిరిగే ఒక యూనిట్టు. అనగా చిన్న బ్యాటరీలో 42 యూనిట్లు, పెద్ద దానిలో 51.4 యూనిట్లు పట్టును. డీజిలు ట్యాంకు లీటర్లలో చెప్పినట్లే దీనిని యూనిట్లలో చెప్పుకొందము.

విడుదలైన నాటి షోరూము ధర సుమారు 18 లక్షల నుండి 23.5 లక్షల వరకు. ధరలు మారుచుండును గనుక కొను రోజున వ్రాతపూర్వకముగా తీసుకొనండి.

ఈ తరహాలో వేరే బండ్లును ఉన్నవి. టాటా కర్వ్ 2024 ఆగస్టులో 45, 55 యూనిట్ల బ్యాటరీలతో వచ్చినది. మహీంద్రా బీఈ 6 అదే సంవత్సరము నవంబరులో 59, 79 యూనిట్ల బ్యాటరీలతో బయటికి వచ్చినది. మేము ఈ క్రింద చూపు లెక్క వీటన్నిటికి ఒకే విధముగా పనిచేయును.

473 అను అంకె

క్రెటా పెద్ద బ్యాటరీ ఒక్క చార్జింగుతో 473 కి.మీ. నడుచునని, చిన్నది 390 కి.మీ. నడుచునని 2025 జనవరిలో సంస్థ ప్రకటించినది. ఈ అంకెలు అబద్ధము కావు. కాని అవి మన దారి మీద పుట్టినవి కావు. పరీక్షశాలలో బండిని రోలర్ల మీద నిలిపి, ముందుగా నిర్ణయించిన వేగముల పట్టిక ప్రకారము నడిపించి తీసిన అంకెలవి. ఆ పట్టికలో వేగము గంటకు 90 కి.మీ. దాటదు. ఎదురు గాలి లేదు, గుంతలు లేవు, డిక్కీలో బియ్యపు బస్తా లేదు, మే నెల ఎండలో ఏ.సి. అవసరము లేదు.

కనుక అంకెను మన దారికి తెచ్చుకొను విధానము ఇది. 473ను 51.4తో భాగిస్తే యూనిట్టుకు 9 కి.మీ. పైన వచ్చును. నలుగురు కూర్చొని, ఏ.సి. వేసుకొని, హైవే మీద 90, 100 వేగముతో పోవునప్పుడు యూనిట్టుకు 6 కి.మీ. అని మాత్రమే లెక్క వేయండి. ఊళ్ల మధ్య నెమ్మదిగా తిరుగునప్పుడు అంతకంటె ఎక్కువ వచ్చును, అది మీకు మిగులు. అప్పుడు పెద్ద బ్యాటరీ సుమారు 308 కి.మీ., చిన్నది సుమారు 252 కి.మీ.

ఇంకొక మెట్టు ఉన్నది. ట్యాంకు పూర్తిగా ఎండువరకు ఎవరును బండి నడపరు. దారిలో చార్జింగు కేంద్రములో నూటికి నూరు నింపుకొనుటకు ఎవరికిని ఓపిక ఉండదు, ఎందుకనగా 80 శాతము దాటిన తరువాత చార్జింగు బాగా నెమ్మదించును. కావున 90 శాతమునకును 10 శాతమునకును మధ్యనున్న భాగమే రోజువారీగా మన చేతిలో ఉన్న దూరమని తలచండి. పెద్ద బ్యాటరీకి అది సుమారు 245 కి.మీ., చిన్నదానికి 200 కి.మీ.

బండి ఏదైనను సరే, "ఎన్ని యూనిట్ల బ్యాటరీ?" అని అడిగి, ఆరుతో హెచ్చించి, అందులో అయిదవ వంతు తీసివేయండి. మిగిలినదే మీ దూరము. షోరూములోని కుర్రవాడు పెద్ద అంకె చెప్పినప్పుడు వాదించనక్కరలేదు, ఇంటికి వచ్చి ఈ లెక్క వేసుకొనండి.

ఇంటి గోడలోని ప్లగ్గు

కరెంటు కారుకు అసలైన పెట్రోలు బంకు మీ ఇంటి గోడ. అది బాగుంటే బండి బాగుండును.

మొదట మంచి వార్త. మోటారుకో, గీజరుకో వాడు 15 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు చాలు. దానిమీద గంటకు సుమారు 3 యూనిట్లు మీటరులో తిరుగును. నష్టము పోగా రెండున్నర యూనిట్లు బ్యాటరీలో చేరినను, రాత్రి పది గంటలలో 25 యూనిట్లు. అనగా తెల్లవారుసరికి 150 కి.మీ. ప్రయాణమునకు సిద్ధము. రోజుకు 40, 50 కి.మీ. మించి తిరగని కుటుంబమునకు ఇది చాలును. పెద్ద చార్జరు తప్పనిసరి అని ఎవరైనను చెప్పితే తొందరపడకండి.

పెద్ద చార్జరు కావలెనన్న వారు ఒక సంగతి తెలిసికొనవలెను. ఈ కారుకు 11 కిలోవాట్ల గోడ చార్జరు ఉన్నది. దానితో 10 శాతము నుండి పూర్తిగా నిండుటకు నాలుగు నుండి ఐదు గంటలు అని సంస్థ చెప్పుచున్నది. కాని ఆ వేగము త్రీఫేజు కనెక్షను ఉన్న ఇంటికే. మన పల్లె ఇండ్లకు ఎక్కువగా ఉన్నది సింగిల్ ఫేజు. దానిమీద 7 కిలోవాట్ల వరకే ఆశించవలెను. మీది ఏ ఫేజో తెలియకుండ 11 కిలోవాట్ల చార్జరుకు డబ్బు కట్టకండి.

ఇప్పుడు చేయవలసిన పనులు. ఇవి బండికి అడ్వాన్సు ఇచ్చుటకు ముందే చేయండి.

1. మీ కరెంటు బిల్లు తీసి, మంజూరైన లోడు ఎంతో చూడండి. ఒకటి, రెండు కిలోవాట్లు మాత్రమే ఉన్నచో విద్యుత్ కార్యాలయములో దరఖాస్తు చేసి లోడు పెంచుకొనవలెను. వాహనమునకు విడిగా మీటరు పెట్టుకొను వీలు, దాని రేటు కూడ అక్కడే అడగండి.

2. తెలిసిన ఎలక్ట్రీషియనును పిలిచి సాయంత్రము ఏడు గంటలకు ఒకసారి, రాత్రి పదకొండు గంటలకు ఒకసారి వోల్టేజి కొలిపించండి. 230 ఉండవలసినది 180కి పడిపోవు ఊళ్లు ఉన్నవి. అక్కడ చార్జింగు నెమ్మదించును, కొన్నిసార్లు ఆగిపోవును.

3. ఎర్తింగు చూపించండి. చాలా ఇండ్లలో ఎర్తు గుంట పేరుకే ఉండును, వేసవిలో ఎండి పోవును. ఎర్తు సరిగా లేదని తెలిసికొంటే కారు చార్జింగు తీసుకొనదు. అది లోపము కాదు, మన ప్రాణములను కాపాడు జాగ్రత్త. గుంటను బాగుచేయించి, వేసవిలో నీరు పోయుచుండండి.

4. మీటరు నుండి కారు నిలుపు చోటివరకు విడిగా మంచి రాగి తీగ లాగించి, దానికి విడిగా ఎం.సి.బి., షాకు కొట్టకుండ కాపాడు ఆర్.సి.సి.బి. పెట్టించండి. ఎక్స్‌టెన్షను బాక్సుతో వసారాలోనుండి వైరు లాగి చార్జింగు పెట్టుట ఎన్నడును వద్దు. గంటల తరబడి నిండు లోడు మీద ఆ వైరు వేడెక్కి కరగును.

5. చావడి ముందో, వీధిలోనో బండి నిలుపువారు, వైరు పిల్లల కాళ్ల క్రిందికి, పశువుల దారిలోనికి రాకుండ చోటు చూచుకొనవలెను. చోటు దొరకనిచో, కొనుట వాయిదా వేయండి.

మరొక మాట మొహమాటము లేకుండ చెప్పవలెను. పొలములో బోరు మోటారుకు ప్రభుత్వము ఇచ్చు కరెంటు మోటారుకే. "పొలము దగ్గర త్రీఫేజు ఉన్నది గదా, కారు అక్కడ పెడదాము" అని సలహా ఇచ్చువారు ఉందురు. అది చట్టము ప్రకారము తప్పు, పట్టుబడితే జరిమానా. పట్టుబడకపోయినను అది పొరుగు రైతు కరెంటే. అలా మిగిల్చిన డబ్బు ఇంటికి మేలు చేయదు.

దూర ప్రయాణము

విజయవాడ నుండి హైదరాబాదుకు సుమారు 275 కి.మీ. యూనిట్టుకు 6 కి.మీ. చొప్పున 46 యూనిట్లు కావలెను. 51.4 యూనిట్ల బ్యాటరీ నిండుగా ఉంటే కాగితము మీద చేరినట్లే. కాని మనము బయలుదేరునది విజయవాడ నుండి కాదు, అక్కడికి 40 కి.మీ. లోపలనున్న మన ఊరి నుండి. అప్పుడు 315 కి.మీ., అనగా 52 యూనిట్ల పైన. బ్యాటరీలో అంత లేదు. కనుక దారిలో ఒకసారి ఆగవలసినదే. చిన్న బ్యాటరీ వారు విజయవాడలో ఉన్నను ఆగవలసినదే.

ఆగుట పెద్ద కష్టము కాదు. ఆ దారిలో సూర్యాపేట దగ్గర టిఫినుకు, టీకి ఆగుట అందరికీ అలవాటే. ఫాస్టు చార్జరు మీద ఈ కారు 10 శాతము నుండి 80 శాతము వరకు నిండుటకు 58 నిమిషములు అని సంస్థ లెక్క. అరగంట ఆగినను 100 కి.మీ. పైన దూరము చేరును. అయితే మీరు ఆగదలచిన చోట చార్జరు ఉన్నదా, పనిచేయుచున్నదా, ముందు ఎన్ని బండ్లు ఉన్నవి అని ఇంటి దగ్గరనే ఫోనులో చూచుకొనండి. ఒకటి చెడిపోయినచో తరువాతి దానికి చేరునంత చార్జింగు మిగుల్చుకొని ఆగండి. సంక్రాంతికి ముందు రెండు రోజులలో ఆ దారిలో పోవువారు రెండింతల సమయము పెట్టుకొనవలెను.

హైదరాబాదులో దిగు చుట్టాల అపార్టుమెంటులో ప్లగ్గు దొరకునో లేదో కూడ ముందుగా అడగండి. తిరుగు ప్రయాణము అక్కడనే మొదలగును.

అర్ధరాత్రి అవసరము

పల్లెలో కారు షికారుకు మాత్రమే కాదు. అర్ధరాత్రి ఇంట్లో పెద్దాయనకు ఛాతిలో నొప్పి రావచ్చును, పురిటికి వచ్చిన అమ్మాయికి నొప్పులు మొదలు కావచ్చును. ఆ వేళకు బండి లేవవలెను.

మీ ఊరికి అన్ని వసతులున్న ఆసుపత్రి 60 కి.మీ. దూరములో ఉన్నదనుకొందము. పోయి వచ్చుటకు 120 కి.మీ., అనగా 20 యూనిట్లు. పెద్ద బ్యాటరీలో అది 40 శాతము, చిన్నదానిలో 48 శాతము. కావున ఆ ఇంటికి నియమము ఇది: రాత్రి పండుకొను వేళకు బ్యాటరీ సగమునకు తగ్గియుండకూడదు. పూర్వము ఇల్లాలు దీపములో నూనె చూచుకొని పండుకొన్నట్లే, ఇంటికి రాగానే ప్లగ్గు పెట్టుట అలవాటు చేసికొనండి. "రేపు పెడదాములే" అనువారికి ఈ బండి సరిపడదు. తుఫాను హెచ్చరిక విన్న రోజున నిండుగా పెట్టుకొనండి, ఎందుకనగా రెండు, మూడు రోజులు కరెంటు రాకపోవుట కోస్తావారికి క్రొత్త కాదు. ఇంటి ఇన్వర్టరు కారును నింపలేదు. అయితే కారు బ్యాటరీ నుండి ఫ్యాను, లైటు వేసికొను ఏర్పాటు ఈ బండిలో ఉన్నది, అది అట్టి రోజులలో అక్కరకు వచ్చును.

మిగులు ఎంత?

నెలకు 1,000 కి.మీ. తిరుగు కుటుంబమును తీసుకొందము. పెట్రోలు క్రెటా లీటరుకు 15 కి.మీ. ఇచ్చునని, లీటరు 108 రూపాయలని అనుకొంటే నెలకు సుమారు 7,200 రూపాయలు.

కరెంటు బండికి, చార్జింగులో పోవు నష్టముతో కలిపి, సుమారు 175 యూనిట్లు. ఆంధ్రప్రదేశ్‌లో 2024-25 రేట్ల ప్రకారము గృహములకు అన్నిటికంటె పై శ్లాబు యూనిట్టుకు 9.75 రూపాయలు. కారు వలన మీ ఇల్లు పై శ్లాబులోనికి పోవునని తలచి ఆ రేటే వేసినను 1,700 రూపాయలు, సర్దుబాటు చార్జీలతో 2,000 అనుకొందము. మిగులు నెలకు 5,200 రూపాయలు. ఇంజను ఆయిలు, ఫిల్టరు, క్లచ్చు లేవు గనుక సర్వీసు ఖర్చు కూడ తగ్గును.

ఇంట్లో ప్లగ్గు లేక ఎప్పుడును బయటి ఫాస్టు చార్జరు మీదనే ఆధారపడువారికి యూనిట్టు 20 రూపాయల చుట్టుప్రక్కల, దానిమీద పన్ను. వారి నెల ఖర్చు 4,000 వరకు పోవును. మిగులు సగమునకు దగ్గరగా తగ్గును.

ఇప్పుడు, కరెంటు బండికి పెట్రోలు బండికంటె 4 లక్షలు ఎక్కువ పెట్టినారనుకొందము. ఆ 4 లక్షలు తిరిగి వచ్చుటకు పట్టు కాలము ఇది:

నెలకు 500 కి.మీ. తిరుగువారికి సుమారు 13 సంవత్సరములు.
నెలకు 1,000 కి.మీ. తిరుగువారికి సుమారు ఆరున్నర సంవత్సరములు.
నెలకు 2,000 కి.మీ. తిరుగువారికి సుమారు 3 సంవత్సరములు.

బ్యాటరీకి సంస్థ ఇచ్చు హామీ 8 సంవత్సరములు, లేక 1,60,000 కి.మీ., ఏది ముందైతే అది. దీనిని ప్రక్కన పెట్టి చూడండి. ఆదివారము గుడికి, నెలకొకసారి పట్నమునకు మాత్రమే బండి తీయు కుటుంబమునకు ఈ లెక్క కుదరదు. రోజూ మండల కేంద్రమునకు ఉద్యోగమునకు పోవువారికి, వ్యాపారము మీద తిరుగువారికి కుదురును. బండి ఎక్కువ తిరిగినకొద్దీ లాభము, షెడ్డులో నిలిచినకొద్దీ నష్టము.

మీ షోరూములో ఆ రెండు బండ్ల ధరల తేడా 4 లక్షలు కాకపోవచ్చును. ఎలక్ట్రిక్ వాహనముల మీద జి.ఎస్.టి. 2019 ఆగస్టు నుండి 5 శాతము. 2025 సెప్టెంబరు 22 నుండి నాలుగు మీటర్లకు మించిన పెట్రోలు, డీజిలు కార్ల మీద 40 శాతము. తెలంగాణలో 2024 నవంబరు విధానము ప్రకారము ఎలక్ట్రిక్ వాహనములకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము మినహాయింపును 2026 డిసెంబరు 31 వరకు ప్రకటించినారు. ఆంధ్రప్రదేశ్ వారు రవాణా కార్యాలయములో అడిగి, రోడ్డు మీదికి వచ్చువరకు అగు మొత్తము ధరతోనే పోల్చండి.

అప్పు సంగతి

ఇది ఇంటిల్లిపాదియు చదువవలసిన భాగము.

5 లక్షలు చేతినుండి కట్టి 15 లక్షలు అప్పు తీసుకొన్నారనుకొందము. వడ్డీ తొమ్మిదిన్నర శాతము, గడువు ఏడు సంవత్సరములు. నెల వాయిదా సుమారు 24,500 రూపాయలు. ఏడేండ్లలో కట్టునది 20 లక్షల 60 వేలు. 5 లక్షల 60 వేలు వడ్డీయే.

పెట్రోలు మీద మిగిలినది 5,200, వాయిదా 24,500. "పెట్రోలు ఖర్చు మిగులుతుంది గదా, బండి దానంతట అదే తీరుతుంది" అను మాట ఎంత నిజమో ఈ రెండు అంకెలు చూపుచున్నవి.

ఉద్యోగస్థునికి జీతము నెలనెలా వచ్చును, రైతుకు డబ్బు పంటకొకసారి వచ్చును. వాయిదా మాత్రము ఇద్దరికిని నెలనెలా వచ్చును. మిర్చి ధర పడిపోయిన సంవత్సరమును బ్యాంకు అడగక మానదు. కనుక కనీసము ఆరు నెలల వాయిదాలు ప్రక్కన ఉంచుకొనగలవారే అప్పు మీద ఈ బండిని తలపెట్టవలెను. కుమారుడు పంపుచున్నాడంటే అతని ఉద్యోగము స్థిరమా, అతనికి అక్కడ అప్పులున్నవా అని అడుగుట తండ్రికి చిన్నతనము కాదు. పొలము తాకట్టు పెట్టి కారు కొనుట మాత్రము ఏ లెక్కలోను కుదరదు.

పల్లె దారి, సర్వీసు

కరెంటు బండికి బ్యాటరీ నేల క్రింద పరచబడి ఉండును. అందుచేత బండి బరువు ఎక్కువ, మలుపులలో స్థిరముగా ఉండును. కాని మన ఊరి స్పీడు బ్రేకరు, కాలువ గట్టు, రాళ్లు తేలిన బాట దానికి పరీక్ష. ఐదుగురిని ఎక్కించుకొని మీ ఊరి దారిలోనే నడిపి చూడండి. క్రింద తగిలినచో ఆ బండి మీకు కాదు.

బ్యాటరీని నీరు చొరకుండ మూసియుంచుదురు గనుక వానలో నడుపుటకు భయము లేదు. అయితే పొంగుచున్న వాగులోనికి ఏ బండిని దించకూడదు, కరెంటుదైనను, డీజిలుదైనను.

షోరూములో ఈ ప్రశ్నలు వ్రాసికొని పోయి అడగండి. కరెంటు బండ్లను బాగుచేయగల సర్వీసు కేంద్రము మా ఊరికి ఎంత దూరము? దారిలో ఆగిపోతే లారీ మీద ఎత్తుకొని పోవు ఏర్పాటు మా మండలము వరకు వచ్చునా? బ్యాటరీ హామీలో, శక్తి ఎంత శాతము తగ్గితే మార్చెదరు? రెండవ యజమానికి అది వర్తించునా? స్టెప్నీ టైరు ఉన్నదా, పంక్చరు సామానేనా? డిక్కీ తెరిచి మీ కన్నులతోనే చూడండి.

భద్రత సంగతి మరువవద్దు. 2023 అక్టోబరు నుండి భారత్ ఎన్‌క్యాప్ అను పేరుతో మన దేశములోనే కార్లను ఢీకొట్టించి నక్షత్రములు ఇచ్చుచున్నారు. కర్వ్, బీఈ 6 ఎలక్ట్రిక్ బండ్లకు అయిదు నక్షత్రములు వచ్చినవి. క్రెటా ఎలక్ట్రిక్‌లో అన్ని రకములకు ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్నవి. పట్నములో చూపిన స్క్రీనులు, రంగురంగుల లైట్లకంటె ఈ సంగతి మీద ఎక్కువ సేపు నిలువండి.

ఎవరు కొనవచ్చును, ఎవరు ఆగవచ్చును?

సొంత ఇల్లు, బండి నిలుపుటకు సొంత చోటు, మంచి వోల్టేజి, ఎర్తింగు ఉండి, నెలకు 1,000 కి.మీ. పైన తిరుగుచు, రోజుకు 150 కి.మీ. మించని కుటుంబము నిశ్చింతగా ముందుకు పోవచ్చును. ఎక్కువగా మండలము, జిల్లా కేంద్రము మధ్యనే తిరుగువారికి చిన్న బ్యాటరీ చాలును. నెలకు రెండు మూడు సార్లు హైదరాబాదుకో, విశాఖకో పోవువారు పెద్దదే తీసుకొనవలెను.

అద్దె ఇంట్లో ఉన్నవారు, ఊరి ట్రాన్స్‌ఫార్మరు తరచుగా కాలిపోవు చోటివారు, నెలకు 500 కి.మీ. కూడ తిరగనివారు, ఇంట్లో ఇది ఒక్కటే బండియై వారానికొకసారి 400 కి.మీ. పోవలసినవారు ఆగుట మంచిది. ఆగినంత మాత్రమున ఏమియు పోదు. నడుచుచున్న పాత బండికి మంచి టైర్లు, బ్రేకులు వేయించి మరి రెండేండ్లు వాడుకొనుట చిన్నతనము కాదు. పొరుగింటి గేటు ముందు క్రొత్త బండి నిలిచినదని మన ఇంటి లెక్క మారదు.

ఈ వారము చేయవలసిన పని పెద్దది కాదు. గడచిన మూడు నెలలలో మీ బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగినదో, ఒక్క రోజున ఎక్కువలో ఎక్కువ ఎంత దూరము పోయినదో ఒక కాగితము మీద వ్రాయండి. ప్రక్కన కరెంటు బిల్లు పెట్టండి. భార్యాభర్తలు, ఎదిగిన పిల్లలు కలిసి కూర్చొని చూడండి. ఆ కాగితము "సరే" అన్న తరువాతనే షోరూమునకు బయలుదేరండి.